ఇంజిన్ మార్చిన అంబాసిడర్‌కి హీటర్ వాల్వ్ బిగించడం

చెన్నైలో కారుకి హీటర్ దేనికని, ఇంజిన్ మార్చేటప్పుడే దాని నుంచి హీటర్‌కి వేడి నీళ్లు వెళ్లే, తిరిగొచ్చే రెండు నోళ్లూ మూసేయించేవాళ్లు చాలామంది ఉన్నారు. డిసెంబర్‌లో ఏర్కాడో ఊటీయో ఎక్కినప్పుడు, నవంబర్ వానలో ముందద్దం లోపలివైపు ఆవిరి పట్టి దారి కనబడనప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఘాట్ రోడ్డు మీద ఇంజిన్ వేడెక్కుతుంటే హీటర్ పూర్తిగా తెరిచి బ్లోయర్ వేస్తే కొంత వేడి అటునుంచి కూడా పోతుంది. కాబట్టి హీటర్ ఉంచుకోండి. అయితే ఈ ఊళ్లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ వేడి నీళ్లని ఆపే వాల్వ్ మూసే ఉంటుంది గనుక, ఇక్కడ మంచి వాల్వ్ అంటే గట్టిగా మూసుకునే వాల్వ్. కాస్త వదిలినా చాలు, 85, 90 డిగ్రీల నీళ్లు డాష్‌బోర్డ్ కింద తిరుగుతూ కాళ్ల దగ్గర సెగ పుట్టిస్తాయి. ఏసీ కూడా హీటర్ పెట్టెలోనే ఉంటే ఎన్నిసార్లు గ్యాస్ నింపించినా బండి చల్లబడదు.

పాత హెడ్‌తోనే పోయే ట్యాప్

అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజిన్ బీఎంసీ బి-సిరీస్ కుటుంబానిది. అందులో హీటర్ ట్యాప్‌ని సిలిండర్ హెడ్ వెనక చివర గ్యాస్కెట్ వేసి నేరుగా హెడ్‌కే బిగిస్తారు. హీటర్ లేని బండైతే ఆ చోట మూత ప్లేటు ఉంటుంది. 1990ల్లో కంపెనీయే అంబాసిడర్‌లో ఇసుజు 1.8 పెట్రోల్ ఇంజిన్ పెట్టి అమ్మింది కాబట్టి పాత మార్క్ 2, మార్క్ 3 బళ్లకి కూడా చాలామంది దాన్నే ఎంచుకుంటారు. ఏ ఇంజిన్ పెట్టినా ట్యాప్ మాత్రం పాత హెడ్‌తో వెళ్లిపోతుంది. కొత్త ఇంజిన్‌కి మామూలుగా రెండు హీటర్ నిప్పిల్స్ (హోస్ ఎక్కించే పొట్టి గొట్టాలు) ఉంటాయి, వాల్వ్ ఉండదు. తర్వాతి తరం కార్లు కొన్నింటిలో వాల్వ్ హీటర్ పెట్టె దగ్గరికి మారింది. మరికొన్నింటిలో వాల్వే లేదు, నీళ్లు ఎప్పుడూ హీటర్‌లో తిరుగుతూనే ఉంటాయి, లోపల ఒక తలుపు గాలి దారిని మారుస్తుంది. అలాంటి బండి నుంచి వచ్చిన ఇంజిన్‌కి హోస్ మధ్యలో మామూలు వాల్వ్ పెట్టి మూసేస్తే, దాని తయారీలో ఎవరూ అనుకోని స్థితిలో అది నడవాల్సి వస్తుంది. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

(ఇంజిన్ మార్పుకి మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 కింద ఆర్టీఓ ముందస్తు అనుమతి కావాలి. ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబర్ ఎక్కించుకున్నాకే పైపుల పని మొదలుపెట్టండి.)

వాల్వ్ మూస్తే నీళ్లు ఎటు పోతాయి

వాల్వ్ కొనకముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కి దారి ఇచ్చే థర్మోస్టాట్ ఇంకా తెరుచుకోనప్పుడు వాటర్ పంప్ తోసే నీళ్లు రేడియేటర్‌లోకి పోలేవు. అవి హెడ్‌లోంచి మళ్లీ పంప్‌కి చేరడానికి వేరే దారి ఉండాలి, దాన్నే బైపాస్ అంటారు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ హౌసింగ్ నుంచి పంప్‌కి పొట్టి హోస్ ఒకటి పైకే కనబడుతుంది. కొన్నింటిలో ఆ దారి ఇంజిన్ పోతలోపలే, బయటికి కనబడకుండా ఉంటుంది. ఇంకొన్నింటిలో హీటర్ లూపే బైపాస్. ఈ మూడో రకంలో వాల్వ్ మూస్తే చల్లటి ఇంజిన్‌లో నీళ్లు నిలబడిపోతాయి. హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ నీళ్లు మరుగుతుంటాయి, థర్మోస్టాట్ దగ్గర మాత్రం ఇంకా చల్లగానే ఉంటాయి. హెడ్ గ్యాస్కెట్ పోవడానికి, అల్యూమినియం హెడ్ వంగడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

థర్మోస్టాట్ పంప్ లోపలికి వచ్చే వైపు, అంటే రేడియేటర్ కింది హోస్ వచ్చి చేరే చోట ఉన్న ఇంజిన్లతో మరింత జాగ్రత్త. అక్కడ బైపాస్ గుండానో హీటర్ గుండానో తిరిగొచ్చే వేడి నీళ్లు తగిలితేనే థర్మోస్టాట్ తెరుచుకుంటుంది. ఆ వేడి నీళ్లు రాకుండా చేస్తే అది మూసుకునే ఉండిపోతుంది.

తేల్చుకోవడానికి ముందు థర్మోస్టాట్ బయటికి తీసి చూడండి. స్ప్రింగ్ కింది కొసన రెండో చిన్న బిళ్ల ఉంటే, ఆ బిళ్ల మూయడానికి హౌసింగ్‌లో ఒక బైపాస్ చిల్లు ఉన్నట్టే. ఆ చిల్లు కనబడి, దాన్ని ఎవరూ వెల్డింగ్‌తోనో ప్లగ్‌తోనో మూయకపోతే సగం భయం తీరినట్టు. పాత బళ్ల సామాన్లు అమ్మే పుదుపేటలో కొన్న ఇంజిన్ అయితే ఇది తప్పకుండా చూడండి. పాత చేతుల్లో బైపాస్ హోస్ చిరిగినప్పుడు రెండు పక్కలా బోల్టు దూర్చి క్లిప్పు వేసిన ఇంజిన్లు కూడా అక్కడికి వస్తాయి.

రెండో పరీక్ష ఇంజిన్ నడుస్తుండగా చేసేది. ఇంజిన్ మీది రెండు హీటర్ నిప్పిల్స్‌నీ ఒకే హోస్‌తో కలిపి, హోస్ మధ్యలో చిటికె క్లాంపు వేసి నీళ్లు ఆపండి. పూర్తిగా చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసి, 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి గేజ్ చూస్తుండండి. ముల్లు నెమ్మదిగా పైకి వచ్చి, థర్మోస్టాట్ తెరుచుకోగానే పై హోస్ వేడెక్కి, ముల్లు నిలకడగా ఉంటే బైపాస్ వేరుగా ఉంది. ముల్లు ఒక్కసారిగా ఎగిసి పడినా, హెడ్‌లోంచి కుతకుత శబ్దం వచ్చినా, గేజ్ వేడి చూపిస్తుంటే పై హోస్ చల్లగానే ఉన్నా వెంటనే క్లాంపు వదిలి ఇంజిన్ ఆపండి. ఆ ఇంజిన్‌కి మామూలు వాల్వ్ పనికిరాదు.

ఏ వాల్వ్ కొనాలి

రెండు నోళ్ల వాల్వ్ హోస్‌ని తెరుస్తుంది, మూస్తుంది, అంతే. వేరే బైపాస్ ఉన్న ఇంజిన్‌కి ఇది చాలు. నాలుగు నోళ్ల వాల్వ్‌కి ఒక పక్క ఇంజిన్ హోస్‌లు రెండు, ఇంకో పక్క హీటర్ హోస్‌లు రెండు తగులుతాయి. మూసినప్పుడు ఇంజిన్ నుంచి వచ్చిన నీటిని అది అక్కడికక్కడే తిప్పి ఇంజిన్‌కే పంపుతుంది, హీటర్ వైపు దారి మూసేస్తుంది. హీటర్ లూపే బైపాస్ అయిన ఇంజిన్‌కి ఇదే కావాలి. పరీక్షలో ఏదీ స్పష్టంగా తేలకపోయినా ఇదే కొనండి. వంగిన హెడ్‌ని ఫేసింగ్ చేయించి చదును చేసే ఖర్చుతో పోలిస్తే రెండు వాల్వుల ధరలో తేడా ఏమంత కాదు.

నడిపే పద్ధతి విషయానికొస్తే మా ఓటు కేబుల్‌కే. వాక్యూమ్ వాల్వులు చాలావరకు వాక్యూమ్ ఇచ్చినప్పుడు మూసుకుని, పోగానే తెరుచుకుంటాయి. గొట్టానికి చిన్న పగులు వచ్చినా మే నెలలో హీటర్ ఆన్ అయిపోతుంది. పైగా డీజిల్ ఇంజిన్ మ్యానిఫోల్డ్‌లో పనికొచ్చే వాక్యూమ్ ఉండదు, బ్రేక్ బూస్టర్‌కి వాడే వాక్యూమ్ పంప్ నుంచే తీసుకోవాలి. హీటర్ కోసం బ్రేక్ లైన్లో ఇంకో జాయింటు పెట్టడం మాకు నచ్చని పని.

షాపుల్లో దీన్ని హీటర్ కాక్ అని అడిగితే తొందరగా అర్థమవుతుంది. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కౌంటర్ మీదే లివర్ మూసి, నోటితో గట్టిగా ఊది చూడండి. మూసినప్పుడు గాలి ఏమాత్రం వెళ్లకూడదు. లివర్ స్పిండిల్ చుట్టూ వేలు పెట్టి పక్కకి ఊపండి. ఊగితే అక్కడి సీలు త్వరలోనే కారుతుంది. బాడీ మీద బాణం గుర్తు ఉందో లేదో చూసుకోండి. లివర్ లాగితే మూసుకునే రకమా, నెట్టితే మూసుకునే రకమా అన్నది మీ డాష్‌లోని లివర్‌తో సరిపోవాలి. పాత వాల్వ్ వాడొద్దు, బయటికి ఎంత బాగున్నా లోపలి రబ్బరు గట్టిపడి ఉంటుంది.

కొలతలు, సామాన్లు

బజారుకి వెళ్లేముందు వర్నియర్‌తో ఇంజిన్ నిప్పిల్స్ రెండు, హీటర్ కోర్ (హీటర్ పెట్టెలోని చిన్న రేడియేటర్) నిప్పిల్స్ రెండు కొలవండి. పాత కోర్ సాధారణంగా అర అంగుళం, అంటే సుమారు 13 మి.మీ. ఉంటుంది. జపాన్ ఇంజిన్ల మీద 16 మి.మీ. ఎక్కువగా కనబడుతుంది. 16 హోస్‌ని 13 నిప్పిల్ మీద వేసి క్లిప్పు పిండేస్తే హోస్ ఒకచోట మడత పడుతుంది, ఆ మడతలోంచే నీళ్లు కారతాయి. మధ్యలో ఇత్తడి రెడ్యూసర్ వేయండి.

మొత్తం మీద కావాల్సినవి: 16 మి.మీ. ఈపీడీఎం రబ్బరు హీటర్ హోస్ 3 మీటర్లు, కోర్ వైపుకి 13 మి.మీ. హోస్ 1 మీటరు, ఇత్తడి రెడ్యూసర్లు 2, రెండు నోళ్ల వాల్వ్ అయితే క్లిప్పులు 10, నాలుగు నోళ్లదైతే 12, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) చిల్లులకి రబ్బరు గ్రోమెట్లు 2, 1.5 మీటర్ల చోక్ కేబుల్, వాల్వ్ బిగించడానికి 3 మి.మీ. ఇనుప పట్టీ. హోస్ మీద ఎస్‌ఏఈ జే20 అని అచ్చు ఉంటే మంచిది. పెట్రోల్ హోస్ రబ్బరు వేరు, వేడి నీళ్లకి అది త్వరగా గట్టిపడుతుంది. పంపు సెట్టుకి వాడే ప్లాస్టిక్ గొట్టం గురించి చెప్పనక్కర్లేదు. క్లిప్పుల్లో పట్టీకి చిల్లులు పొడిచినవి కాకుండా అంచులు మడిచి నున్నగా ఉన్నవి తీసుకోండి. చిల్లుల పట్టీ బిగించినకొద్దీ రబ్బరు ఆ కంతల్లోంచి పైకి పొంగి, కొన్నాళ్లకి తెగుతుంది.

థ్రెడ్ల దగ్గర జాగ్రత్త. మన దగ్గర దొరికే ఇత్తడి ఫిట్టింగ్స్ దాదాపు అన్నీ బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ పైపు థ్రెడ్. జపాన్ ఇంజిన్లలో కూడా టేపర్ పైపు థ్రెడ్ అదే కుటుంబానిది. కానీ అమెరికా వాల్వులకి, అడాప్టర్లకి అక్కడి పైపు థ్రెడ్ ఎన్‌పీటీ వస్తుంది. అర అంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 థ్రెడ్లే, గేజ్ పెడితే రెండూ సరిపోయినట్టే కనబడతాయి. అయితే కోణం ఒకదానిది 55 డిగ్రీలు, రెండోదానిది 60. రెండు మూడు చుట్లు హాయిగా తిరిగి, ఆ తర్వాత పట్టేసి, ఎంత టేపు చుట్టినా కారుతుంది. 3/8లో ఒకటి 19, ఒకటి 18 కాబట్టి అక్కడ గేజ్ నిజం చెబుతుంది. టెఫ్లాన్ టేపు థ్రెడ్ తిరిగే వైపే మూడు చుట్లు చుట్టండి, మొదటి థ్రెడ్ వదిలేయండి, లేకపోతే టేపు పీలికలు వాల్వ్ సీటులో ఇరుక్కుంటాయి. అల్యూమినియం హౌసింగ్‌లో టేపర్ ఫిట్టింగ్‌ని బలం కొద్దీ బిగిస్తే హౌసింగ్ చీలుతుంది.

నిప్పిల్ లేత్‌లో చేయించాల్సి వస్తే బయటి కొలత 16.5, లోపలి రంధ్రం 12 తగ్గకుండా, హోస్ ఎక్కే పొడవు 25 మి.మీ. చెప్పండి. కొసన ఒక్క గుండ్రటి గట్టు చాలు, అర మిల్లీమీటరు ఎత్తులో. గాలి పైపులకి చేసే పదునైన పళ్లు పెట్టొద్దని ముందే చెప్పాలి, అవి రబ్బరు లోపలి పొరని కోస్తాయి. క్లిప్పు ఆ గట్టుకి ఇవతల, హోస్ అంచుకి 3, 4 మి.మీ. వదిలి కూర్చోవాలి.

ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ కలపాలి

వేడి నీళ్లు థర్మోస్టాట్‌కి ముందు, అంటే హెడ్ వైపు నుంచి తీసుకోవాలి. థర్మోస్టాట్ దాటాక పై హోస్‌లో టీ (మూడు నోళ్ల జాయింటు) పెడితే అది తెరుచుకునేదాకా హీటర్‌కి వేడి రాదు. తిరుగు నీళ్లు పంప్ పీల్చే వైపుకే చేరాలి. రెండు కొసల మధ్య ప్రెజర్ తేడా ఉంటేనే నీళ్లు కదులుతాయి. రెండింటినీ హెడ్ వైపే కలిపితే వాల్వ్ తెరిచినా మూసినా ఒకటే. తిరుగు హోస్‌ని రేడియేటర్ ట్యాంకులో కలపడం కూడా మంచిది కాదు. హీటర్ తెరిచిన ప్రతిసారీ థర్మోస్టాట్‌తో పని లేకుండా నీళ్లు రేడియేటర్‌లో చల్లబడుతుంటాయి, ఇంజిన్ వేడెక్కడానికి చాలా సమయం పడుతుంది.

పంప్ దగ్గర నిప్పిల్ లేకపోతే కింది హోస్‌ని పంప్‌కి దగ్గరగా 50 మి.మీ. మేర కోసి, ఆ చోట 80 మి.మీ. పొడవు ఇత్తడి పైపు ముక్క పెట్టండి. దానికి 16 మి.మీ. కొమ్మ ఒకటి పంప్ వైపు వాలుగా 45 డిగ్రీల్లో బ్రేజింగ్ చేయించాలి. టెంపరేచర్ సెండర్ (గేజ్‌కి వేడి చెప్పే ముక్క) ఉన్న చిల్లులో టీ జాయింటు పెట్టి, సెండర్‌ని దాని కొసకి జరపడం చాలాచోట్ల చూస్తాం. అలా చేస్తే సెండర్ ముక్కు పారే నీళ్లకి దూరమై గేజ్ తక్కువ చూపిస్తుంది. హీటర్ కోసం గేజ్‌ని పాడుచేసుకోవద్దు.

వాల్వ్ వేడి నీళ్లు హీటర్‌కి వెళ్లే హోస్‌లోనే ఉండాలి. తిరుగు హోస్‌లో పెట్టినా ప్రవాహం ఆగుతుంది కానీ, కోర్ హెడ్‌తో కలిసే ఉంటుంది కాబట్టి సెగ పాకుతుంది, ప్రెజర్ కూడా కోర్ మీదే ఉంటుంది. బాణం గుర్తు హీటర్ వైపు చూడాలి. వాల్వ్‌ని ఫైర్‌వాల్‌కి పట్టీతో బిగించండి. ఇంజిన్ మీద బిగిస్తే ఇంజిన్ ఊగినప్పుడల్లా కేబుల్ లాగబడి వాల్వ్ కొద్దిగా తెరుచుకుంటుంది. హోస్ మధ్యలో వేలాడదీస్తే నిప్పిల్స్ విరుగుతాయి. ఇంజిన్‌కీ వాల్వ్‌కీ మధ్య హోస్‌లో 30 మి.మీ. సడలు ఉంచండి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌కి కనీసం 50 మి.మీ. దూరం ఉండాలి, అంత చోటు లేకపోతే హీట్ స్లీవ్ తొడగండి. హోస్ ఎక్కడా రేడియేటర్ మూత కంటే ఎత్తుకి లేచి మళ్లీ దిగకూడదు, ఆ మలుపులో గాలి చేరుతుంది. కోర్‌కి కింది నిప్పిల్‌లో వేడి నీళ్లు ఇచ్చి పైదానిలోంచి తిరుగు తీసుకుంటే గాలి తనంతట తనే బయటికి పోతుంది.

కోర్‌ని పరీక్షించకుండా కలపొద్దు

పాత డిజైన్ బళ్ల రేడియేటర్ మూతలు 4, 7 పీఎస్‌ఐలవి. కొత్త ఇంజిన్‌తో వచ్చే మూత మీద 0.9 (బార్) అని ఉంటే అది దాదాపు 13 పీఎస్‌ఐ. అంటే దశాబ్దాల నాటి సోల్డర్ అతుకుల మీద దాదాపు రెట్టింపు, 4 పీఎస్‌ఐ బండైతే మూడింతల బరువు పడుతుంది. కోర్ విప్పి బయట పెట్టండి. ట్యాంకు అంచుల్లో ఆకుపచ్చ పొడి కట్టి ఉంటే అది ఇప్పటికే సన్నగా చెమరుస్తున్న చోటు. లీటరు గోరువెచ్చటి నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కోర్‌లో అరగంట నింపి ఉంచి, తిరుగు వైపు నుంచి మంచినీళ్లు వదిలి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. తర్వాత వంట సోడా నీళ్లు ఒకసారి పోసి మళ్లీ కడగాలి. ఇప్పుడు ఒక నోరు మూసి, రెండోదానికి గేజ్ ఉన్న సైకిల్ పంపు తగిలించి, బకెట్ నీళ్లలో ముంచి 15 పీఎస్‌ఐ దాకా గాలి ఎక్కించి పది నిమిషాలు చూడండి. ఒక్క బుడగ వచ్చినా రేడియేటర్ పనివాడికి ఇవ్వాల్సిందే. కంప్రెసర్ గొట్టం నేరుగా పెట్టారంటే కోర్ పగులుతుంది.

కేబుల్, నీళ్లు, గాలి

కేబుల్ లోపల ఒంటి తీగ ఉండాలి. పురి తీగ లాగగలదు గానీ నెట్టలేదు. ముందు వాల్వ్ లివర్‌ని చేత్తో పూర్తిగా మూయండి, డాష్ లివర్‌ని ఆఫ్ కొసకి 2 మి.మీ. ఇవతల ఉంచండి, అప్పుడు తీగ స్క్రూ బిగించండి. డాష్‌లో చివరిదాకా నెట్టినప్పుడు వాల్వ్ తన సీటు మీద నొక్కుకునే కూర్చుంటుంది. తెరిచే వైపు కొంచెం తగ్గినా నష్టం లేదు. కేబుల్‌ని 100 మి.మీ. కంటే బిగువైన వంపు తిప్పొద్దు.

చెన్నై బోరు నీళ్లు, కుళాయిలో వచ్చే మెట్రో నీళ్లు రెండూ వద్దు. ఇత్తడి కోర్, ఇనుప బ్లాక్, అల్యూమినియం హెడ్ ఒకే నీళ్లలో ఉంటాయి గనుక కూలెంట్‌లోని తుప్పు నిరోధకాలే వాటికి రక్ష. ఇక్కడ గడ్డకట్టే చలి లేదు కాబట్టి 35 శాతం చాలు: 10 లీటర్లకి 3.5 లీటర్ల కాన్సంట్రేట్, 6.5 లీటర్ల డీమినరలైజ్డ్ వాటర్. ఎంత పడుతుందన్నది రేడియేటర్‌ని బట్టి ఉంటుంది, మిగిలింది సీసాలో పోసి డిక్కీలో ఉంచుకోండి.

బండి ముందు భాగాన్ని ఎత్తులో ఉంచి, హీటర్ వాల్వ్ పూర్తిగా తెరిచి, మూత తీసి నెమ్మదిగా పోయండి. ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు హీటర్ హోస్‌లనీ చేత్తో పిసుకుతూ ఉండండి, బుడగలు వచ్చినకొద్దీ పోస్తూ ఉండండి. థర్మోస్టాట్ తెరుచుకుని మట్టం ఒక్కసారి దిగాక మళ్లీ నింపి మూత పెట్టండి. వేడి మీద మళ్లీ మూత తీయొద్దు, 13 పీఎస్‌ఐ కింద నీళ్లు 100 డిగ్రీలు దాటి కూడా మరక్కుండా ఉంటాయి, మూత తీసిన క్షణంలో ముఖం మీదికి ఎగుస్తాయి.

ఇప్పుడు చేతులతో చదవండి. వెళ్లే హోస్ కాలుతూ, తిరుగు హోస్ దానికంటే కాస్త తక్కువ వేడిగా ఉంటే అంతా బాగుంది. వెళ్లేది వేడి, తిరుగు చల్లన అయితే గాలి పట్టింది లేదా కోర్ మూసుకుపోయింది. రెండూ చల్లగా ఉంటే కేబుల్ జారింది, లేదా వాల్వ్ తిరగబడి ఉంది. డాష్ కింద గలగల శబ్దం వస్తే ఇంకా గాలి ఉంది. తియ్యటి వాసన వచ్చి అద్దం మీద జిడ్డు ఆవిరి పడితే కోర్ కారుతోంది, అదే రోజు విప్పాలి. వాల్వ్ మూసి ఇంకో పావుగంట నడిపి, వాల్వ్ దాటాక హోస్‌ని పట్టుకోండి. చల్లబడుతూ ఉండాలి. అంతే వేడిగా ఉంటే సీటు వదులుతోంది, కేబుల్ మళ్లీ సరిచేయండి, అప్పటికీ అలాగే ఉంటే వాల్వ్ మార్చండి.

మొదటిసారి వేడెక్కి చల్లారాక క్లిప్పులన్నీ పావు చుట్టు బిగించాలి, 500 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి చూడాలి. కూలెంట్ రెండేళ్లకోసారి మార్చండి. నెలకోసారి, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, డాష్ లివర్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు నడిపి మళ్లీ మూసేయండి. నెలల తరబడి మూసే ఉన్న వాల్వ్ స్పిండిల్ పట్టేస్తుంది; ఏర్కాడు ఘాట్ మొదట్లో బలంగా లాగితే తెగేది కేబులే.